బియ్యం బస్తా పరీక్ష

మా మామగారు బియ్యం బస్తాతో పరీక్షించనిదే దేన్నీ నమ్మేవారు కాదు. కొత్త బల్ల కొంటే ముందు దానిమీద బస్తా కూర్చునేది, తర్వాతే మనుషులు. వియత్నాంలో ఆయన లాంచీ ఇంజన్ల మెకానిక్. అన్నీ వదిలేసి పెళ్ళాంబిడ్డతో పడవెక్కి, ఎక్కడెక్కడో ఆగి, చివరికి టెక్సస్ చేరి ఏసీల రిపేరు నేర్చుకున్నారు. మా ఊరు ప్లేనో ఎండల్లో ఆ పనికి కొదవేముంది? "దేవుడు నాకోసమే ఇంత వేడి పెట్టాడు" అనేవారు. ఆయన పోయాక కూడా మా గ్యారేజ్‌లో బియ్యం బస్తాలు ఉంటున్నాయి.

ఆయన ఉన్న రోజుల్లో, పాపకి తొమ్మిదో నెల వచ్చేసరికి నేను మళ్ళీ ఆఫీస్‌కి వెళ్ళాల్సి వచ్చింది. డేకేర్‌లో చోటు లేదు. మా అమ్మకి ఇంకా వీసా రాలేదు. అత్తగారు అప్పటికే లేరు. మిగిలింది మామగారే. పాపని ఇంకొకరి చేతిలో పెట్టి ఒక్క పూట ఉండగలనా? ఉండలేకపోతే ఉద్యోగం మానేయడమే. అందుకని పాప మంచానికి పైన కెమెరా బిగించాను. ఆయన దాని వంక చూసి, "ఇది పాప కోసమా, నాకోసమా?" అన్నారు.

"పాప కోసమే, బా" అన్నాను. మా ఆయన వాళ్ళ నాన్నని బా అంటాడు, నేనూ అదే.

"అయితే నేను తల దువ్వుకోనక్కర్లేదు."

మొదటిరోజు ఆఫీస్ పార్కింగ్‌లో కారు దిగకముందే ఫోన్ తీసి చూశాను. మంచం ఖాళీ. కాల్ చేస్తే ఎత్తలేదు. కారు వెనక్కి తిప్పాను. పాపని ఎవరో ఎత్తుకుపోయారు, ఆయన బాత్రూంలో జారిపడ్డారు, గ్యాస్ లీకైంది. సిగ్నల్‌కి ఒక కథ అల్లుకున్నాను.

ఇంటికొచ్చేసరికి గ్యారేజ్ తలుపు తెరిచి ఉంది. పైన రెండు కొక్కేలు, వాటికి వల ఉయ్యాల, అందులో నిద్రపోతున్న పాప. పక్కనే ప్లాస్టిక్ స్టూల్ మీద ఆయన. కాలి బొటనవేలికి తాడు కట్టుకుని, కాలు ఆడిస్తూ ఊపుతున్నారు. ఫోన్ ఎక్కడో వంటింట్లో ఉంది.

"ఆఫీస్ లేదా?" అన్నారు గుసగుసగా.

"కెమెరాలో పాప కనపళ్ళేదు, బా!"

"కెమెరా ఊపదు కదా. మంచంలో ఏడ్చింది. ఇక్కడ పడుకుంది."

"ఆ కొక్కేలు ఆగుతాయా?"

ఆయన ముఖం చిన్నబుచ్చుకుని మూలకి చూపించారు. రెండు బస్తాలు. "పొద్దున్నే వాటిని ఊపాను. అవి ఏడవలేదు."

నేనూ చీర ఉయ్యాలలో పెరిగినదాన్నే. మా అమ్మమ్మ కూడా తాడు కాలికి కట్టుకుని చిక్కుడుకాయలు ఒలిచేది. అయినా పిల్లల్ని మంచంలో చదునుగానే పడుకోబెట్టాలన్న డాక్టర్ మాట గుర్తొచ్చింది. అదే చెప్పాను.

"తెలుసు. అందుకే కన్ను తిప్పడం లేదు" అన్నారు, నిజంగానే నావైపు చూడకుండా. "మా పెద్దది పడవలో ఇలాంటిదాన్లోనే పడుకుంది. అప్పుడు సముద్రమే ఊపింది, నాకు పని తప్పింది."

పడవ గురించి ఆయన నాతో అన్న మొదటి మాట అది. మా ఆయనకి తెలిసింది కూడా అంతకంటే ఎక్కువేం కాదు.

"భయం వెయ్యలేదా?"

"వేసింది. అందుకే నేను ఇంజన్ చూశాను, మీ అత్త బిడ్డని చూసింది. ఇద్దరం బిడ్డనే చూస్తూ కూర్చుంటే పడవ ఎక్కడికి పోతుంది?" కాలు ఆడుతూనే ఉంది. "ఇప్పుడు బిడ్డని నేను చూస్తాను. నువ్వు పోయి ఇంజన్ చూడు."

నా ఇంజన్ ఒక ఇన్సూరెన్స్ కంపెనీ డేటాబేస్. దానికి పొగ కూడా రాదు. అది చెప్పేలోపే ఆయన, "కారు తలుపు తీసే వచ్చావు. బయట ఎండకి ఏసీ వేస్తున్నావా? ఆ వ్యాపారం నాది!" అన్నారు.

పాప నుదుటి మీద చెమట లేదు. ఊపిరి సాఫీగా ఆడుతోంది. రెండోసారి కూడా చూశాను. తర్వాత వెళ్ళాను. కారు వెనక్కి తీస్తుంటే కూడా, ఉయ్యాల మీంచి చూపు మరల్చకుండా, చేత్తో పో పొమ్మంటున్నారు.

ఆఫీస్‌లో పక్క సీటావిడ లేటైందేం అని అడిగింది.

"పాపని చూసుకోడానికి మనిషి ఇప్పుడే దొరికారు" అన్నాను.