మడచెట్లకు పసుపు పూసిన పేరమ్మ

మా పేరమ్మవ్వ నాలుక రెండు పనులకు పేరుమోసింది. ఒకటి తిట్టడం. ముత్తుకూరు సంతలో ఆమె నోటికి దొరికిన చేపల బేరగాడు కృష్ణపట్నం దాకా వెనక్కి తిరిగి చూడకుండా నడిచిపోయాడని చెప్పుకునేవారు. రెండోది చెక్కనీళ్లు రుచి చూడటం. గాదెదిబ్బపాళెంలో నలభై తెప్పల బతుకు ఈ రెండో పని మీదే నడిచేది.

అప్పట్లో వలలన్నీ నూలువే. ఉప్పునీళ్లలో నానిన నూలును ఊరికే వదిలేస్తే నెల తిరక్కుండా కుళ్లుతుంది. అందుకని ఉప్పుకాలువ ఒడ్డున, ఆటుపోట్ల బురదలో వేళ్లు దిగేసుకుని నిలబడే మడచెట్ల బెరడు తెచ్చి కాచేవాళ్లు. పాళెంలో దాన్ని చెక్క అంటారు. పెద్ద కాగులో చెక్క వేసి, ఎర్రటి కషాయం దిగేదాకా మంటపెట్టి, అందులో వల ముంచి ఇసుక మీద ఆరేస్తే, ఆ వల మళ్లీ పదిహేను రోజులు సముద్రంతో పోట్లాడగలదు. కషాయం దిగిందో లేదో చెప్పాల్సింది పేరమ్మ. ఒక గరిటెడు తీసి, ఊది, నాలుక కొసన వేసుకునేది. వగరుకు నాలుక అంగిట్లో అతుక్కుపోయి మాట బయటికి రాకపోతే దిగినట్టు లెక్క. "అది నోరు మూసుకునేది అప్పుడొక్కసారే" అనేవాడు ఆమె మొగుడు ముత్యాలయ్య. వల కాచే రోజంటే ఆయనకు అందుకే అంత ఇష్టం.

అటువంటి పాళెంలో అరవై రెండో సంవత్సరం ఎండాకాలంలో ఫారెస్టు వాళ్ల దండోరా పడింది. చెక్క తీస్తే చెట్టు చచ్చిపోతుంది కాబట్టి కత్తి పట్టుకుని ఎవరూ మడలో అడుగు పెట్టకూడదు. పెడితే జరిమానా, కాగు జప్తు.

మాఘమాసం వచ్చేసరికి వలలు పాత గోనెపట్టాల్లాగా అయిపోయాయి. ఒకనాడు ముత్యాలయ్య పెద్దవల నిండా కవళ్ల చేపలు పడ్డాయి. ఒడ్డు ఇంకా నలభై బారలు ఉందనగా వల నడిమికి చినిగింది. వెండి పోగులు విప్పినట్టు చేపలన్నీ తళతళమంటూ సముద్రంలోకి వెళ్లిపోయాయి. ఆయన చేతిలో తాడు మిగిలింది. నాలుగోనాడు ఒకే మాట అన్నాడు. "ఇంకో ఏడు ఇట్టనే గడిస్తే మద్రాసు రేవులో మూటలు మొయ్యాల్సిందే."

ఇంటి కప్పు తాటాకుల్లో పేరమ్మ దాచిన చెక్క ఒక్క కట్ట మిగిలి ఉంది. దాన్ని చూసుకుంటూ కూర్చుంది.

అప్పుడొచ్చాడు ఫారెస్టు గార్డు బాజీ, సైకిల్ మీద, ఎండలో రొప్పుకుంటూ. ఆయనది ముత్తుకూరు. పాళెం వాళ్లతో పుట్టినప్పటి నుంచీ వరసలే.

"పేరమ్మక్కా, మద్రాసులో పెద్ద సభ జరగతా ఉండాది. అడవులు, పల్లెల్లో బతుకులు, వాటిమీదంట. ఇరవై దేశాల నుంచి చదువుకున్నోళ్లు వచ్చినారు. శుక్రారం మన మడ చూసేదానికి రెండు బస్సుల్లో ఈడికే వస్తుండారు."

"ఈడికా? ఏం చూస్తారంట?"

"చెట్లు చూస్తారు. చెట్ల కింద మిమ్మల్ని చూస్తారు."

"మమ్మల్ని చూసేదానికి ఇరవై దేశాల నుంచి రావాల్నా? మా ఆడబిడ్డ కోవూరు నుంచే రాదే."

"ఎగతాళి కాదక్కా. మా ఆఫీసరు గారు కూడా వస్తుండారు. చెక్క మాట మాత్రం ఎత్తబాకండి. కత్తులు దాచేయండి. నా ఉద్యోగం నీ నోట్లో ఉండాది."

"నా నోట్లో ఎవురెవురి ఉద్యోగాలు ఉండాయో నాకే తెలవదు నాయనా" అంది పేరమ్మ.

బాజీ అటు పోయాడో లేదో పాళెం అంతా కుతకుతలాడింది. పిల్లలకు తలంట్లు పోశారు. అంతకు ముందెన్నడూ ఊడవని పెంటదిబ్బలు ఊడ్చారు. ముత్యాలయ్య చినిగిన వలను ఇంటి వెనక దాచబోతే పేరమ్మ లాక్కొచ్చి ఇంటి ముందరే ఆరేసింది. ఆమె బుర్రలో ఒకటే తిరుగుతోంది. అడవుల గురించి చదువుకున్నవాళ్లు వస్తున్నారు. చెక్క తీసినంత మాత్రాన చెట్టు చావదని తాను చెబితే బాజీ వినడు, బాజీ ఆఫీసరు వినడు. వాళ్లు వింటారేమో. శుక్రవారం దాకా ఆమె మొగుడికి ఉపన్యాసం వినిపించింది. ఆయన నిద్రపోతే మేకకు వినిపించింది. మేక ఉపన్యాసం మొత్తం విని, చివర్లో ఆమె కొంగు కొరికింది.

ఇక్కడే ఆమె ఒక పొరపాటు చేసింది. గురువారం సాయంత్రం ఆడవాళ్లను వెంటబెట్టుకుని మడలోకి వెళ్లింది. చెక్క తీసిన చోట కాలువ బురదలో పేడ కలిపి మెత్తడం పాళెం ఆచారం. బిడ్డకు పుండైతే మందు పూసినట్టే. వచ్చేవాళ్ల కళ్లకు మచ్చలు బయటికి కనబడితే పరువు తక్కువని పాతవాటన్నిటికీ కొత్తగా పూత పూయించింది. పుండంటే పసుపు పడాలి కదా అని దానిమీద పసుపు రాసింది. పసుపు ఒక్కటే ఉంటే బోసిగా ఉంది, కీడు కూడా అని పక్కింటి వెంకటశేషమ్మ కుంకుమ బొట్లు పెట్టింది. పొద్దు గుంకేసరికి వంద మడచెట్లు పెళ్లికూతుళ్లలాగా తయారయ్యాయి. వాటిని చూసుకుని పేరమ్మ మురిసిపోయింది.

శుక్రవారం పది గంటలకు బస్సులు ఇసుకలో దిగబడ్డాయి. పాళెం పాళెమంతా వెళ్లి తోసింది. లోపలి నుంచి ఎర్రవాళ్లు, నల్లవాళ్లు, పసుప్పచ్చటివాళ్లు, గొడుగంత టోపీలవాళ్లు దిగారు. అందరికంటే పొడుగ్గా ఒక ముసలి ప్రొఫెసరు ఉన్నాడు. నార్వే దేశమట. పాళెం ఆయనకు అప్పటికప్పుడే పొడుగుదొర అని పేరు పెట్టేసింది. మాటలు అటూ ఇటూ చెప్పడానికి ముత్తుకూరు మిషను బడి టీచరమ్మ ఎలిశబెతును తీసుకొచ్చారు.

మడ అంచుకు రాగానే అందరూ ఒక్కసారిగా ఆగిపోయారు. వంద చెట్లకు పసుపు, కుంకుమ. ఇరవై కెమెరాలు టకటకలాడాయి. పెన్నులు పరిగెత్తాయి. పేరమ్మ కొంగు సర్దుకుని ముందుకు జరిగింది. తన చెట్లు ఇరవై దేశాలకు నచ్చాయి.

నెల్లూరు నుంచి వచ్చిన ఆఫీసరు ముఖం వెలిగిపోయింది. ఆయన గట్టిగా ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. అందరూ తలలూపారు. పొడుగుదొర కూడా ఊపి పుస్తకంలో రాసుకున్నాడు.

"ఏందంటా ఉండారు టీచరమ్మా?" అని పేరమ్మ ఎలిశబెతు చెవి దగ్గర అడిగింది.

"మీరు ఈ చెట్లను దేవతలుగా కొలుస్తారంట. చెయ్యి కూడా తగలనియ్యరంట. ఇట్టాంటి అడవికి చుట్టూ కంచె వేసి, ఎవురినీ లోపలికి పోనీకుండా కాపాడాలని సభలో రాసిస్తారంట. మంచి మాటే కదా పేరమ్మా."

పేరమ్మకు అప్పుడు అర్థమైంది. కంచె పడితే చెక్క ఈ ఏడు కాదు, ఎన్నటికీ రాదు. పాళేన్ని మద్రాసు రేవుకు తోలేది ఏ ఆఫీసరో కాదు, తాను రాసిన పసుపే. నోరు మూసుకుంటే గౌరవం, ఫోటోలు. నోరు తెరిస్తే జరిమానా, జప్తు. బాజీ దూరం నుంచి రెండు చేతులూ జోడించి చూపుతున్నాడు.

కానీ ఆ నోరు మూతపడాలంటే చెక్కనీళ్లు కావాలి. అవేమో అక్కడ లేవు.

పేరమ్మ చీర కుచ్చెళ్లు ఎగ్గట్టి బురదలోకి దిగింది. దగ్గరి చెట్టు మీది పసుపూ కుంకుమా గోళ్లతో గీకిపారేసింది. పేడపూత పెళ్లలు పెళ్లలుగా రాలింది.

"టీచరమ్మా, చెప్పు. ఇది దేవత కాదు, పుండు. పెట్టింది నేనే. మా అమ్మ పెట్టింది, మా అవ్వ పెట్టింది. మేం చెక్క తీస్తాం."

ఎలిశబెతు ఆఫీసరు వంక చూసింది. "నిజంగా చెప్పమంటావా?"

"సుళువైన మాటైతే నీతో ఎందుకు చెప్పిస్తాను?"

ఎలిశబెతు చెప్పింది. కెమెరాలు ఆగాయి. ఆఫీసరు ముఖం మడ బురద రంగుకు వచ్చింది. "చెక్క తీస్తే చెట్టు చచ్చిపోతుందని నీకు తెలియదా?" అన్నాడు తెలుగులో.

"చచ్చిందా సార్? ఇది నా పెళ్లినాటి మచ్చ. నేను ముసిలిదాన్ని అయిపోతా ఉండాను, ఇది ఇంకా కాయలు కాస్తా ఉండాది."

ఆమె చెట్టు చుట్టూ తిరిగి చూపించింది. తూర్పు పక్క జానెడు వెడల్పున పాత మచ్చ, అంచుల నుంచి కొత్త చెక్క పెదవుల్లాగా మూసుకొచ్చింది. పడమటి పక్క అసలు కత్తే పడలేదు. ఒక పక్క తీస్తే ఆ పక్క పూర్తిగా మూసుకునేదాకా రెండో పక్క ముట్టకూడదు. చుట్టూ తిప్పి తీసినవాడికి పాళెంలో నిప్పు కూడా ఇవ్వరు. ఎలిశబెతు ఒక్కో మాటా చెబుతూ పోతుంటే పొడుగుదొర బూట్లు విప్పేశాడు. ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి బురదలో దిగి, మచ్చను వేళ్లతో తడిమాడు. ఇంకో చెట్టు గీకమన్నాడు. ఇంకోటి. పదకొండు చెట్లు గీకేసరికి మిగతావాళ్లు కూడా బూట్లు విప్పారు. చదువుకున్నవాళ్లు అంతమంది ఒక్కసారి బురదలో దిగబడటం పాళెం అంతకు ముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

"దేనికి తీస్తారు అని అడగతా ఉండాడు" అంది ఎలిశబెతు.

పేరమ్మ వాళ్లందరినీ ఇంటికి తీసుకుపోయి, చినిగిన వల చూపించి, కప్పులోంచి కట్ట లాగి కాగులో వేసింది. బాజీ కళ్లు మూసుకున్నాడు. ముత్యాలయ్య పొయ్యి ఎగదోశాడు. దాచిన చెక్క ఆఫీసరు ఎదుటే ఉడకడం మొదలైంది. వాసన గాలికి లేచింది, వగరుగా, తడి నేలలాగా.

ఆ వాసనకు పొడుగుదొర తల ఎత్తాడు. దగ్గరికొచ్చి, ఎవరూ చెప్పకుండానే గరిటె అందుకున్నాడు. ఊదాడు. నాలుక కొసన వేసుకున్నాడు. కాసేపు ఆగి, లేదన్నట్టు తల అడ్డంగా ఊపి గరిటె తిరిగి ఇచ్చాడు.

పేరమ్మ కూడా వేసుకుని చూసింది. నిజమే, ఇంకా దిగలేదు. నోరు తెరుచుకుని ఆయన వంక చూసింది. "నీకెవురు నేర్పించినారు సామీ?"

ఆయన చెప్పింది ఎలిశబెతు ఆగి ఆగి తెలుగు చేసింది. వాళ్ల ఊరు చలి సముద్రం ఒడ్డున ఉంటుందట. వాళ్లమ్మ అక్కడి తెల్లతోలు చెట్ల చెక్క కాచేదట, వలలకే. ఆమె నాలుక పట్టేస్తేనే వల లోపలికి. యాభై ఏళ్లయిందట ఆ వాసన తగిలి.

"వాళ్లమ్మ నోరు కూడా పెద్దదేనా అడుగమ్మా" అన్నాడు ముత్యాలయ్య. వల చినిగాక ఆయన వేసిన మొదటి పరిహాసం అది.

అడిగితే పొడుగుదొర పగలబడి నవ్వి, సముద్రం అవతలికి వినబడేదని చెప్పాడు. పాళెం అంతా నవ్వింది. ఆఫీసరు నవ్వలేదు. పొయ్యి దగ్గర గొంతుక్కూర్చుని వల చినుగును చేత్తో పట్టుకుని చాలాసేపు చూశాడు. బయల్దేరేముందు ఒక్కటే అడిగాడు. "ఏ చెట్టు ఎప్పుడు తీసిందీ గుర్తుంటుందా నీకు?"

"మాయన పుట్టినరోజు గుర్తులేదు గానీ అవన్నీ గుర్తే సార్."

పన్నెండో రోజున బాజీ సైకిల్ గంట ఆపకుండా కొట్టుకుంటూ వచ్చాడు. మద్రాసు సభలో పొడుగుదొర గంటసేపు గాదెదిబ్బపాళెం గురించే మాట్లాడాడట. ఆఫీసరు పంపిన కాగితాన్ని బాజీ వెంట వచ్చిన ఎలిశబెతు చదివింది. రెండేళ్లు పరీక్షగా, పేరమ్మ గుర్తు పెట్టిన చెట్లకే, ఒక పక్కనే, గార్డు ఎదుట చెక్క తీసుకోవచ్చు. అడుగున ఇంకో మాట ఉంది. చెట్లకు పసుపు కుంకుమలు పెట్టరాదు, మచ్చలు కనబడటం లేదు.

"మొగుడుండగానే బొట్టు తీసేయించినారు చెట్లకి" అంది వెంకటశేషమ్మ.

ఆ మధ్యాహ్నమే కత్తులు బయటికొచ్చాయి. పొద్దు వాలేలోపు కాగు ఎర్రగా మరుగుతోంది. గార్డు ఎదుట అని రాసి ఉంది కాబట్టి పేరమ్మ మొదటి గరిటె బాజీ చేతికే ఇచ్చింది. ఆయన ఊదకుండా గుటుక్కున మింగాడు. కళ్లు పెద్దవయ్యాయి. చేతులు ఆడించాడు గానీ మాట రాలేదు.

"చెప్పు నాయనా, చెక్క తీయద్దని చెప్పు" అంది పేరమ్మ.

చెప్పలేకపోయాడు. దిగిందన్నమాట. ముత్యాలయ్య వల ఎత్తి కాగులోకి వదిలాడు.