నేను చదివిన చీటీ

నా చిన్నప్పుడు మా వీధిలోకి ఏ ఇంగ్లీషు కాగితం వచ్చినా ముందు నా చేతికే వచ్చేది. మిషన్ బడిలో ఏడో తరగతి చదువుతున్నాను. మందుసీసా మీది కాగితమైనా, టెలిగ్రామైనా గొంతు సవరించుకుని గడగడా చదివి అర్థం చెప్పేదాన్ని. తెలియని మాట వస్తే ఊహించి చెప్పేసేదాన్ని. పట్టుకునేవాళ్ళు లేరు కదా! ఆ పొగరు ఇప్పుడు తలుచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

పక్కింటి మావ జీడి బట్టీలో పిక్కలు కాల్చేవాడు. ఆ పొగ మా వీధిదాకా వచ్చి కళ్ళు మండించేది. ఆయనకు రోజంతా అందులోనే పని. ఏళ్ళ తరబడి ఉబ్బసం. ఆ ఏడు ఆయాసం మరీ ఎక్కువైతే, మా ఊరి డాక్టరుగారు శ్రీకాకుళం వెళ్ళి ఆసుపత్రిలో చేరమని చీటీ రాసిచ్చారు. బట్టీలో పని ముమ్మరంగా ఉన్న రోజులు. సీజను అయ్యేదాకా ఆగొచ్చా అన్నది ఆయన బెంగ. అత్తకి తెలియకుండా మా పెరట్లోకి వచ్చి చీటీ నాకిచ్చాడు.

"ఒలే గుంటా, ఏటి రాసినారో సూడు. జబ్బు ముదిరిపోనాదా? మీ అత్తకి సెప్పకు."

అందులో 'ఎగ్జాసర్బేషన్' అని ఉంది. అంత పొడుగు మాట నేనెప్పుడూ చూడలేదు. కూడబలుక్కుని పైకి చదివాను. ఆయన ముఖం చూస్తే ఏం వినాలనుకుంటున్నాడో తెలిసిపోయింది. జబ్బు తగ్గుముఖం పట్టిందని రాశారు, తొందరేం లేదు అన్నాను. ఎంత సంతోషించాడో! చీటీ మడిచి జేబులో పెట్టుకుని, నా దోసిట్లో గుప్పెడు జీడిబద్దలు పోశాడు. వాటిని నములుతూ ఇంట్లోకి వెళ్ళిపోయాను.

నాలుగో రోజు మావ బట్టీ దగ్గర కూలబడిపోతే రిక్షాలో డాక్టరుగారి దగ్గరికి తెచ్చారు. అత్త వెనకాలే నేనూ పరుగెత్తాను. జేబులో చీటీ అలాగే ఉంది. డాక్టరుగారికి కోపం ఆగలేదు. 'ఎగ్జాసర్బేషన్' అంటే ఉన్న జబ్బు ఒక్కసారిగా విషమించడమని, వెంటనే వెళ్ళి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదని అరిచారు. ఎవరు చదివి ఏం చెప్పారని అడిగారు.

నేను అత్త వెనక్కి తప్పుకున్నాను. మావ ఒక్కో మాటకీ ఊపిరి వెతుక్కుంటూ, "ఎవులూ సదవలేదు బాబూ. నానే దాసీసినాను" అన్నాడు. నా వైపు చూడను కూడా లేదు. అత్త ఏడుస్తూనే ఆయన్ని తిట్టడం మొదలుపెట్టింది. నేను నోరు విప్పలేదు. తప్పు అర్థం చెప్పినదానికన్నా ఆ నిమిషానికే నాకు ఎక్కువ సిగ్గు.

అప్పటికప్పుడు జీపులో శ్రీకాకుళం తీసుకెళ్ళారు. ప్రాణం దక్కింది గానీ ఆయన మళ్ళీ బట్టీకి వెళ్ళలేదు. నాలుగడుగులు వేస్తే కూర్చోవాల్సిందే. ఇల్లు గడవడానికి అత్త పొద్దుగూకేదాకా పిక్కలు కొట్టేది. జీడి రసానికి ఆవిడ వేళ్ళు నల్లబడి తోలు ఊడేది. ఆ వేళ్ళు చూడలేక నేను చుట్టుదారిన బడికి వెళ్ళేదాన్ని.

ఒకరోజు మావే పిలిచి ఆసుపత్రి వాళ్ళిచ్చిన ఇంకో కాగితం చేతికిచ్చాడు. ఇంత జరిగాక కూడా నాకే ఇచ్చాడు. రెండు వరుసలు చదివి ఆగిపోయాను.

"ఈ మాటకి అర్థం నాకు తెలీదు మావా" అన్నాను, ఏడుపు గొంతుతో.

"తెలీదా? అయితే డాక్టరు బాబునడిగి రా. నానెక్కడికీ పోన్లే" అని నవ్వాడు. ఆ నవ్వుకే దగ్గు తెర వచ్చింది.

ఇప్పుడు నాకు డెబ్భై దాటాయి. తెలియనిదాన్ని తెలియదనడానికి ఆ రోజు నుంచి ఎవరి ముందూ వెనకాడలేదు. కానీ ఆ చీటీ చదివింది నేనేనని అత్తకి చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. మావ పోయాక ఆవిడ చాలా ఏళ్ళు బతికింది. ఆయన మాట వచ్చినప్పుడల్లా, "ఆ సీటీ దాసకపోతే ఇంకొన్నాళ్ళు ఉండీవోడే" అని ఆయన్నే తిట్టుకునేది. నేను తల వంచుకుని, ఆవిడ ఇచ్చిన టీ తాగి వచ్చేసేదాన్ని.