మా కాయ వెళ్ళిన దారి

మా నాన్నకు జన్మలో ఒకే ఒక్క యాత్ర చెయ్యాలని ఉండేది. కాశీ కాదు, తిరుపతి కాదు. మా తోటలో దింపిన కొబ్బరికాయ లారీ ఎక్కి ఎక్కడికి పోతుందో, ఆ ఊరు చూడాలి. ఉద్దానంలో కొబ్బరి ఉన్న ప్రతివాడి కాయా అలాగే పోతుంది. లారీ వస్తుంది, కాయ ఎక్కుతుంది, పైన టార్పాలిన్ కడతారు, డ్రైవరు ఉత్తరం వైపు తిప్పుతాడు. ఆ తరవాత కాయ గతి ఏమైందో పెంచినవాడికి తెలీదు. డ్రైవర్లను అడిగితే ఒకడు బరంపురం అన్నాడు, ఒకడు కటకం అన్నాడు, మరొకడు పాట్నా అని కూడా అన్నాడు.

"ఆడపిల్లనిచ్చినోడు ఓపాలి ఎల్లి అత్తోరిల్లు సూసి వత్తాడు గదరా. నాను ముప్పై ఏళ్ళబట్టి కాయ ఇత్తన్నాను. ఒక్క ఇల్లూ ఎరగను" అనేవాడు.

పలాసలో రైలెక్కితే సాయంత్రానికి కటకంలో ఉంటామని చెప్పాను. ఒప్పుకోలేదు. కాయ రైల్లో వెళ్ళలేదు కాబట్టి తానూ వెళ్ళడట. అది వెళ్ళిన రోడ్డు మీదే వెళ్ళి చూస్తాడట. ఆ మాటకు నేను మురిసిపోయాను. తండ్రి మీద ప్రేమ అని చెబితే వినడానికి బాగుంటుంది గానీ, నిజానికి నాకు అప్పటికే జీపు కొనాలని ఒళ్ళంతా దురదగా ఉంది. దురదకు తండ్రి పేరు దొరికింది.

నేను హైస్కూల్లో లెక్కల మాస్టార్ని. ఏ పనికైనా ముందు పుస్తకం తియ్యడం, మార్జిన్ గియ్యడం, ఒకటి రెండు మూడని అంకెలు వెయ్యడం మా వృత్తిరోగం. తొంభై ఎనిమిదిలో జీపు కొన్నాను. పలాస నుంచి మా తీరం ఊళ్ళకు సర్వీసు తిరిగి తిరిగి రిటైరైన బండి అది. లోపల పదిమంది, వెనక వేలాడుతూ నలుగురు, టాపు మీద జీడిపిక్కల బస్తాలు, చేపల గంపలు. ఇంత సేవ చేశాక దానికి పింఛను ఇవ్వాలి న్యాయంగా. నేను దేశయాత్రకు తీసుకున్నాను.

కొన్నరోజే పొడుగు నోటుపుస్తకం తెరిచి "ప్రయాణ సన్నాహం" అని పైన రాసి కింద రెండు గీతలు కొట్టాను. ఒకటో అంశం, నీళ్ళు. ఇది నా తెలివి కాదు, మా ఊరి తెలివి. ఉద్దానం మనిషి పొరుగూరి పెళ్ళికి వెళ్ళినా సీసాతో సొంత నూతి నీళ్ళు పట్టుకెళతాడు. బయటి నీళ్ళు పడవని, జబ్బు చేస్తాయని మాకు పుట్టుకతో వచ్చిన నమ్మకం. మా నూతి నీళ్ళయితే కొబ్బరినీళ్ళతో సమానమని నాన్న పందెం వేసేవాడు. ఆ మాట ప్రతి ఇంటివాడూ తన నూతి గురించి అంటాడు, అది వేరే సంగతి. నాలుగు పెద్ద క్యాన్లు కొని జీపులో వాటికి కర్రతో గూళ్ళు చేయించాను.

తరవాత స్టెప్నీ, జాకీ, ట్యూబులు, ఫ్యాన్ బెల్టు, లాగుడు తాడు, కిరసనాయిలు స్టవ్వు, బియ్యం, చింతపండు, పాము కాటుకు ఏదో వేరు, టార్చి, టార్చి పాడైతే లాంతరు, లాంతరు ఆరిపోతే కొవ్వొత్తులు. వెనక సీటు ఒకటి తీయించి పొడుగ్గా చెక్కమంచం వేయించాను, నాన్న నడుం వాల్చడానికి. నాన్న ఒక రోజు వచ్చి చుట్టూ తిరిగి చూశాడు.

"ఏటిరా ఇది, కాపరం పెడతావేటి ఇందుల?"

"దూరప్రయాణం నాన్నా. సిద్ధంగా ఉండొద్దా?"

"మన మత్స్యకారోళ్ళు సముద్రం మీదకి ఎల్తారు. ఆళ్ళ తెప్పలో సద్దన్నం తప్ప ఏటుంటాదిరా?" అని లోపలికి పోయాడు.

టెక్కలిలో మెకానిక్ ఒకతను ఉండేవాడు. నెలకో ఆదివారం బండి అతని దగ్గరకు పట్టుకెళ్ళి, నోటుపుస్తకం విప్పి, ఒక్కొక్క అంశం చదివి సరిచూపించుకునేవాణ్ణి. అతను బీడీ కాల్చుకుంటూ వినేవాడు. ఆరో ఆదివారమో ఏడో ఆదివారమో అన్నాడు: "మేస్టారూ, ఈ బండికి ముందు బయల్దేరడం అలవాటు సెయ్యండి. ఆగిపోడం అదే నేర్సుకుంటాది."

పరీక్షగా ఒకసారి ఇచ్ఛాపురం దాకా వెళ్ళొద్దామని నిర్ణయించాను. పరీక్ష పెట్టకుండా పై క్లాసుకు పంపే అలవాటు లేదు నాకు. తెల్లారుజామున నాన్నని ఎక్కించుకుని బయల్దేరుతుంటే ఎదురింటి ముసలాయన అరుగు మీంచి "దూరమేనా మేస్టారూ?" అన్నాడు. బయల్దేరేవాణ్ణి ఎక్కడికని అడగడం కీడు. అందుకని మావాళ్ళు దూరమేనా అని అడిగి ఆరా తీస్తారు. "దూరమే" అన్నాను గర్వంగా.

ఇది పాత సర్వీసు జీపని నేను మరిచిపోయినా రోడ్డు మరిచిపోలేదు. పలాస దాటకుండానే ఒకామె చెయ్యెత్తింది. ఇది సర్వీసు కాదని చెప్పబోయాను. ఆమె అప్పటికే గంపతో సహా ఎక్కి చెక్కమంచం మీద కూర్చుంది. తరవాత ఇద్దరు, ఆ తరవాత ఒక కుటుంబం. నేను వెనక్కి తిరిగి నాన్నతో దింపెయ్యమన్నాను. "ఎక్కిన మనిసిని ఎలా దింపుతాన్రా, తప్పు" అని ఆయన కాళ్ళు ముడుచుకుని జాగా ఇచ్చాడు. గంపామెతో చేపల రేటు గురించి మాట్లాడుతూ మహా ఆనందంగా ఉన్నాడు. కంచిలి దగ్గర టైరు పంక్చరైంది. నాకు లోలోపల సంతోషమే, సన్నాహం ఉంది కదా. తీరా చూస్తే జాకీ అన్నిటికంటే అడుగున ఉంది. బియ్యం దింపాను, స్టవ్వు దింపాను, లాంతరు దింపాను, నిండు క్యాన్లు నాలుగూ దింపాను. రోడ్డు పక్కన నా సంసారం అంతా పరిచి ఉంటే దారినపోయే లారీవాడు ఆపి, ఇల్లు ఖాళీ చేస్తున్నారా అని అడిగాడు. చక్రం మార్చి, సామానంతా మళ్ళీ ఎక్కించేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ప్రయాణికులు ఎప్పుడో వేరే జీపు ఎక్కి వెళ్ళిపోయారు. వాళ్ళు మాకంటే ముందు ఇచ్ఛాపురం చేరి ఉంటారు.

"పోదారి పద, ఇంకెంత?" అన్నాడు నాన్న ఉత్సాహంగా.

నేను బండి వెనక్కి తిప్పాను. సన్నాహంలో లోపం తేలింది కాబట్టి, సరిదిద్దుకుని మళ్ళీ వద్దామన్నాను. నాన్న చెక్కమంచం మీద వెనక్కి తిరిగి కూర్చుని, దూరమవుతున్న రోడ్డునే చూస్తూ వచ్చాడు.

సరిదిద్దుకోడానికి ఒక ఏడాది పట్టింది. జాకీ పైకి వచ్చింది, క్యాన్లు పక్కలకు వెళ్ళాయి. ఇంతలో ఒడిశాకి పెద్ద తుపాను వచ్చింది. అటు రోడ్లు బాగుపడ్డాక వెళదామన్నాను. బాగుపడ్డాయి. అప్పుడు హైవేని నాలుగు వరసలు చేస్తున్నారని మొదలైంది. ఎక్కడ చూసినా గోతులు, మట్టి, దారిమళ్ళింపు బోర్డులు. అది పూర్తయితే హాయిగా వెళ్ళొచ్చన్నాను. లారీలు మాత్రం వస్తూనే ఉన్నాయి, మా కాయ పోతూనే ఉంది. ఆ గోతుల్లోంచే కాయ వెళ్ళగలిగింది గానీ, కాయకున్న ధైర్యం మాస్టారికి లేకపోయింది. నోటుపుస్తకంలో అంశాలు నూరు దాటాయి. ఆలూ లేదు చూలూ లేదు అన్నట్టు, కటకంలో ఏ సత్రంలో దిగాలో కూడా రాసుకున్నాను. నాన్న ఏడాదికోసారి అడిగేవాడు, తరవాత రెండేళ్ళకోసారి. ఎదురింటాయన ప్రతి దసరాకీ నేను బండి కడుగుతుంటే "దూరమేనా?" అనేవాడు, నవ్వు దాచుకోకుండా.

రోడ్డు పూర్తయ్యే నాటికి నాన్న పాదాలు వాచాయి. నీరసమన్నాడు, అన్నం సయించదన్నాడు. మా వైపు అప్పటికే ఇంటికొకరు ఇలాగే మొదలై మంచం పట్టడం చూస్తున్నాం కాబట్టి, డాక్టరు చెప్పకముందే మాకు అర్థమైంది. రెండు మూత్రపిండాలూ పాడయ్యాయి. వారానికి రెండుసార్లు విశాఖ తీసుకెళ్ళి రక్తం శుద్ధి చేయించాలి. రైల్లో కూర్చోలేడు, బస్సులో అసలే కాదు. అలా మా దేశయాత్ర జీపు బయల్దేరింది, దక్షిణానికి. చెక్కమంచం మీద పరుపు వేశాం. ఆ పొద్దున ఎదురింటాయన అరుగు మీదే ఉన్నాడు గానీ ఏమీ అడగలేదు.

క్యాన్లు మాత్రం నాతోనే ఉన్నాయి. అంత జబ్బులోనూ నాన్నకి విశాఖ నీళ్ళు పట్టించలేదు. ఆసుపత్రి వరండాలో మా ప్రాంతం వాళ్ళను గుర్తుపట్టడం తేలిక, పక్కన సొంతూరి నీళ్ళ క్యాను ఉంటుంది. ఒక రోజు డాక్టరు వాటివైపు చూసి, ఎక్కడి నీళ్ళని అడిగాడు.

"మా నూతివండి. బయటి నీళ్ళు పడవని..."

"ఇకమీద ఇవి మానెయ్యండి."

"నీళ్ళ వల్లేనంటారా?"

"ఏమో. దేనివల్లో ఇప్పటికీ ఎవరం చెప్పలేకపోతున్నాం. కానీ మానెయ్యండి. కొబ్బరినీళ్ళు కూడా వద్దు, ఈయన జబ్బుకు అవి అసలు పనికిరావు."

ఒకటో అంశం. అంకె చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టిన అంశం. వరండా చివర కుళాయి దగ్గర నాలుగు క్యాన్లూ ఒంపేశాను. ఏడుపొచ్చింది. నాన్న నీళ్ళు పోవడం చూస్తూ "పారబొయ్యకుండా ఏ మొక్కకేనా పొయ్యరా" అన్నాడు.

ఇలా ఒక ఏడాది గడిచింది. ఒకసారి ఉట్టి పరీక్షలకని వెళ్ళి, రాత్రి అక్కడే పడుకుని, పొద్దున్నే తిరిగొస్తున్నాం. మధ్యాహ్నానికి పలాస వచ్చింది. కుడికి తిప్పితే మా ఊరి రోడ్డు. తిప్పబోతుంటే వెనకనుంచి నాన్న గొంతు వినిపించింది.

"తిన్నగా పోనీరా."

"ఎందుకు నాన్నా?"

"ఈ దినం ఒంట్లో బాగుంది. పోనీ."

బండిలో ఏమేం ఉన్నాయో మనసులో లెక్కవేశాను. స్టెప్నీ కిందటివారమే పంక్చరైతే వేయించలేదు. డీజిలు సగం. జాకీ ఎవరో అడిగితే ఇచ్చాను. బియ్యం లేదు, స్టవ్వు లేదు. మందుల సంచీ, ఒక సీసా నీళ్ళు, ఎక్స్‌రే కవరు. నోటుపుస్తకం ఇంట్లో ఉంది. నూరు అంశాల్లో మూడు కూడా లేవు. వద్దనడానికి నోరు తెరిచి అద్దంలో ఆయన్ని చూశాను. దిండు బండి పక్కకు ఆనించుకుని లేచి కూర్చున్నాడు, పెళ్ళికి తయారైన మనిషిలా. తిన్నగా పోనిచ్చాను.

కొత్త రోడ్డు. కంచిలి ఎప్పుడు దాటిందో తెలీలేదు. ఇచ్ఛాపురం దాటింది. బోర్డుల మీద ఒరియా అక్షరాలు వచ్చాయి. నాన్న వాటికేసి వేలు చూపించి "అదుగో" అన్నాడు, చుట్టం కనిపించినట్టు. బరంపురంలో బజారు మొదట్లోనే, గుడి పక్కన, ఒక దుకాణం ముందు కొబ్బరికాయలు రాశి పోసి ఉన్నాయి. నన్ను పట్టుకుని నెమ్మదిగా దిగాడు. దుకాణంలో పెద్దావిడ మా వాలకం చూసి తెలుగులోనే మాట్లాడింది.

"ఈ కాయ ఎక్కడిదమ్మా?" అన్నాడు నాన్న.

"ఆంధ్రా కాయ బాబూ, ఉద్దానంది. మంచి కాయ. దేవుడికి ఇదే కొడతారు."

నాన్న రాశిలో చెయ్యిపెట్టి ఒకటి తీశాడు, వద్దని పెట్టేశాడు. ఇంకోటి తీసి బరువు చూశాడు, చెవి దగ్గర ఆడించాడు, జుట్టు సవరించాడు. జీవితంలో కొబ్బరికాయ కొని ఎరగని మనిషి, జేబులోంచి డబ్బు తీసి ఆ కాయ కొన్నాడు. ఆవిడ చేత కన్ను పొడిపించి నా చేతికిచ్చాడు.

"నాను తాగకూడదు గదా. నువ్వు తాగి సెప్పు, మనదో కాదో."

తాగాను. ముదురుకాయ నీళ్ళు ఎక్కడైనా ఒకలాగే ఉంటాయి. నాకేం తెలుస్తుంది? నా మొహంకేసే చూస్తున్నాడు. లెక్కల మాస్టారునై ఉండి, రుజువు లేకుండా జవాబు చెప్పాను.

"మనదే నాన్నా."

తలూపాడు. గుడి మెట్ల వైపు, కాయ పట్టుకుపోతున్న జనం వైపు చాలాసేపు చూశాడు. కటకం, పాట్నా ఊసెత్తలేదు. తరవాత అడిగాడు.

"పలాసకాణ్ణించి ఎంతసేపు పట్టిందిరా?"

"రెండు గంటలు."

"రెండు గంటలే" అన్నాడు.

ఏడేళ్ళు ఆపినవాణ్ణని తిడితే బాగుండేది. తిట్టలేదు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఖాళీ కాయను ఆయన తువ్వాల్లో మూట కట్టుకున్నాడు, ఇంటికి తిరిగొచ్చాం. ఆయన చేసిన యాత్ర అదొక్కటే, మరొకటి లేదు.

ఇంటి ముందు ఆయన్ని దింపుతుంటే ఎదురింటాయన అరుగు దిగి వచ్చాడు. మా ఆలస్యానికి కంగారుపడి ఉంటాడు. "దూరమెల్లొచ్చినట్టున్నావు బావా?" అన్నాడు.

"నేదు బావా" అన్నాడు నాన్న. "దగ్గిరే."