ఫ్లెక్సీ కట్టిన వాళ్ళం

మా వైపు ఫ్లెక్సీ పడని శుభకార్యం లేదు. పెళ్ళికి, పుట్టినరోజుకు, పిల్లకు చెవులు కుట్టించిన రోజుకు, ఆఖరికి ఎవరో నాయకుడు కారులో ఊరు దాటిపోయినా సరే, తెల్లారేసరికి బేతంచెర్ల స్టేషన్ రోడ్డు మలుపులో ఒక ఫ్లెక్సీ లేచి నిలబడుతుంది. అందులో ముఖం ఎంత పెద్దదైతే మనిషి అంత పెద్దవాడన్నమాట. నేనూ ఆ ఊళ్ళో పుట్టినవాణ్ణే కాబట్టి నాకు ఇందులో తప్పేమీ కనిపించేది కాదు. అదే కొంప ముంచింది. మునిగింది నా కొంపైతే బాగుండేది, పాపం, ఒక ఆడపిల్లది మునగబోయింది.

నేను ముప్పై ఏళ్ళు బండల పాలిష్ ఫ్యాక్టరీ నడిపాను. నాపరాళ్ళు కోయించి, నునుపు తేలించి, లారీలకెత్తించడం తప్ప వేరే విద్య రాదు. ఫ్యాక్టరీని తమ్ముడి కొడుక్కి అప్పగించాక పొద్దు పోయేది కాదు. ఇంట్లో కూర్చుంటే ప్రతిదానికీ అరుస్తున్నానని నా భార్య ఒకటే గోల. సరేనని, నాలాంటి మరో ఆరుగురిని పోగుచేసి, నా పాత బండల షాపు మిద్దె మీద ఒక గది తెరిచాను. చదువైపోయి దారి తోచక తిరిగే పిల్లలకు ఏ కోర్సు చేస్తే ఏ పని దొరుకుతుందో చెప్పించడం, లేనివాళ్ళకు ఫీజు కట్టడం మేం పెట్టుకున్న పని.

ఏడాది తిరగకముందే తెలిసొచ్చింది, సగం మందికి కావలసింది ఫీజు కాదని. పోటీ పరీక్షలు తప్పి తప్పి, అన్నం సయించక, నిద్ర పట్టక, బంధువుల కంటపడకుండా దాక్కునే పిల్లలు వాళ్ళు. వాళ్ళకు నేను మొదట్లో "ధైర్యంగా ఉండాల" అని ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. ఒకడు నా ఉపన్యాసం సగంలో ఏడ్చేశాడు. ఇది నా వల్ల అయ్యే పని కాదని అర్థమై, కర్నూలు నుంచి ఒక కౌన్సెలర్ మేడమ్‌ను ప్రతి శనివారం రప్పించడం మొదలుపెట్టాం. ఆమె గది బయట, మిద్దె వసారాలో, రోడ్డువైపు ఒక బెంచీ వేయించాను. గాలి బాగా తగులుతుందని.

ఆ బెంచీ మీదకు వచ్చిన వాళ్ళలో ఈ అమ్మాయి ఒకతె. తల్లి మా ఫ్యాక్టరీలోనే బండలు తుడిచే పని చేసేది. పిల్ల పోలీసు ఉద్యోగానికి రెండుసార్లు ప్రయత్నించింది. మొదటిసారి రాతపరీక్ష పోయింది, రెండోసారి పరుగు పరీక్షలో పోయింది. ఆ తర్వాత ఎనిమిది నెలలు ఇంట్లోంచి కదల్లేదు, చర్చికి కూడా పోలేదు. తల్లి చెయ్యి పట్టి లాక్కొచ్చినట్టు మా మిద్దె ఎక్కించింది. శనివారాలు గడిచేకొద్దీ పిల్ల తల దువ్వుకుని రావడం మొదలుపెట్టింది. తర్వాత మాట్లాడింది. ఆ తర్వాత, రక్తపరీక్షలు చేసే పని నేర్చుకుంటానని తనే చెప్పింది. ఫీజు కట్టాం. కోర్సు శ్రద్ధగా చదివింది. కడపలో ఒక ల్యాబులో ఉద్యోగం వచ్చింది, సోమవారం వచ్చి చేరమన్నారు.

మాకు పట్టరాని సంతోషం. ఏడుగురం కూర్చుని ఉగ్గాని, బజ్జీ తెప్పించుకుని తిన్నాం. తిన్న చెయ్యి కడుక్కోకముందే నేనన్నాను, "ఒక ఫ్లెక్సీ ఏయాల్సిందే" అని. మాలో ఒక రిటైరైన బ్యాంకు మేనేజరున్నాడు, నెమ్మదస్తుడు. "పాపనొక మాట అడుగుదాంలేప్పా" అన్నాడు.

"అడిగేదేముంది? ఎవరికి చేదు?" అని కసిరాను.

రాత కూడా నేనే రాశాను. తెలుగు బాగా రాస్తానని నాకొక గర్వం. 'మానసిక కుంగుబాటును జయించి, కడపలో కొలువు సాధించిన మా అమ్మాయికి అభినందనలు'. 'జయించి' అన్న మాట దొరికినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. దరఖాస్తు మీదున్న ఆమె ఫొటో మధ్యలో, చుట్టూ మా ఏడు ముఖాలు. నాది అందరికంటే పెద్దది, నల్లకళ్ళద్దాలతో. గురువారం పొద్దున్నే మలుపులో కట్టించాను.

మధ్యాహ్నానికి ఆ తల్లి మా షాపు ముందుకొచ్చి నిలబడింది. మామూలుగా నన్ను చూస్తే కొంగు సర్దుకుని పక్కకు తప్పుకునే మనిషి, ఆ రోజు కళ్ళలోకి చూసి మాట్లాడింది.

"అన్నా, పొద్దున్నించి ఇంటికి జనాలు వస్తనే ఉండారు. నీ కూతురికి పిచ్చి లేసిందంట గదా, నయమాయనంట గదా అని అడుగుతాండారు. మాకు తెలిసినోళ్ళకే తెలుసు అన్నా ఆ సంగతి. ఇప్పుడు ఊరంతా తెలిసె. పాప తలుపేసుకున్యాది. కడపకు పోనంటాది. ఆడ గూడా ఇదే అడుగుతారంట."

చేసిన పుణ్యం చెప్పుకుంటే పోతుందంటారు. మేం చెప్పుకున్నది మా పుణ్యం కూడా కాదు, ఆ పిల్ల గుట్టు.

కొడవలి పట్టుకుని నేనే మలుపుకు పోయాను. పనివాళ్ళను పిలవడానికి కూడా సిగ్గేసింది. అరవై దాటిన వాణ్ణి నిచ్చెనెక్కి, బైండింగు వైరు ఊడక, ఫ్లెక్సీనే అడ్డంగా కోశాను. మొదటి కోత నా కళ్ళద్దాల మీదే పడింది. కింద ఆటో ఆపి ఒకడు, "ఏమప్పా, ఫ్లెక్సీ దించుతాండావు, ఎవరన్నా పోయినారా?" అన్నాడు. వాణ్ణి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. పాపం, వాడి తప్పేమీ లేదు.

సాయంత్రం వాళ్ళింటికి పోయాను. తలుపు తీయలేదు. తలుపు అవతల పిల్ల కూర్చుని ఉందని గాజుల చప్పుడుతో తెలుస్తోంది. నేను గొంతు సవరించుకుని, "చూడమ్మా, మేము మంచి ఉద్దేశంతోనే..." అని సభలో మొదలుపెట్టినట్టు మొదలుపెట్టాను.

"సార్," అంది లోపల్నించి. "మీరు ఆ బెంచీ మీద ఎప్పుడన్నా కూర్చున్యారా?"

"ఏ బెంచీ?"

"మేడమ్ రూము ముందర బెంచీ. మీరే ఏయించినారు గదా. శనివారం పది నుంచి పదకొండు దాకా దాని మీద కూర్చోండి సార్. కడప సంగతి మల్ల సూద్దాం."

ఇదేం షరతని కోపమొచ్చింది. కోపం దిగేసరికి ఇల్లు చేరాను.

శనివారం పదింటికి కూర్చున్నాను. నా పక్కన ఇద్దరు కుర్రాళ్ళున్నారు. దుమ్ము లేకపోయినా ముఖాలకు కర్చీఫులు కట్టుకున్నారు. ఎందుకో రెండు నిమిషాల్లో తెలిసింది. బెంచీకి సరిగ్గా ఎదురుగా టిఫిన్ హోటలు. చెయ్యి కడుక్కునే ప్రతివాడూ తలెత్తి మిద్దె వైపు చూస్తాడు. ఇన్నేళ్ళూ నేను అదే హోటల్లో కూర్చుని, బెంచీ మీద ఎవరున్నారో చూసి లెక్కపెట్టుకునేవాణ్ణి, మన గది బాగా నడుస్తోందని!

"ఏమప్పా, ఆడ కూర్చున్నావు? బాగుండావా?" అని కింద నుంచి పాత లారీ ఓనరు కేకేశాడు.

"ఊరికే! ఫ్యాను చెడిపోయింటే మనిషొస్తాడని చూస్తాండా" అన్నాను. నిఖార్సైన అబద్ధం, కూర్చున్న పది నిమిషాలకే.

ఇంకో ఇద్దరు అడిగారు. ఒకడు అడగలేదు, పక్కవాడి చెవిలో ఏదో చెప్పాడు. అదే ఎక్కువ మండింది. పదిన్నరకు మా ఆవిడ ఫోను.

"నీకు తల బాగలేదని మా తమ్ముడికి ఎవరో చెప్పినారంట. ఏమయ్యా, నిజమేనా?"

లేచి పోదామనుకున్నాను. ఆ కుర్రాళ్ళిద్దరూ లేవలేదు. వాళ్ళు ప్రతి శనివారం ఇది మోస్తున్నారు, బస్సు చార్జీలు పెట్టుకుని వచ్చి మరీ. నాకు వాళ్ళ ముందు లేవడానికి ముఖం చెల్లలేదు.

పదకొండింటికి తలుపు తెరిచి మేడమ్, "మీరేనా తర్వాత?" అంది. కాదని చెప్పాలనుకున్నాను. కాళ్ళు మాత్రం లోపలికి నడిచాయి. లోపల ముప్పావు గంట ఉన్నాను. ఏం మాట్లాడానో రాయను, మా ఆవిడకే ఇంకా చెప్పలేదు.

ఆ సాయంత్రమే బెంచీని వెనక సందువైపుకు మార్పించాను. అటు మెట్లున్నాయి, ఎవరొచ్చిందీ ఎవరికీ కనపడదు. పనివాళ్ళను తొందరపెడుతుంటే అరిచి అరిచి గొంతు పోయింది. బ్యాంకు మేనేజరు నవ్వుకుంటూ ఒక చెయ్యి వేశాడు. "నేను చెప్పినా గదప్పా" అని అననందుకు ఆయనకు రుణపడి ఉన్నాను.

సోమవారం పొద్దున ఫోనుకు రెండు మాటలొచ్చాయి. 'పోతాండా సార్.' బస్టాండుకు రావద్దని వాళ్ళమ్మతో కబురు పంపింది. మావాళ్ళలో ఒకాయన శాలువా కొని తయారుగా ఉన్నాడు. దాన్ని ఆయనకే కప్పి ఇంటికి పంపించాను. ఏ ల్యాబో ఆమె చెప్పలేదు. నేనూ అడగలేదు. అడగకుండా ఉండటానికి నేను పడిన అవస్థ నాకు తెలుసు, మా ఆవిడకు తెలుసు.

ఏడెనిమిది నెలలకు కడపలో మా ఆవిడ తరఫు పెళ్ళి. మా ఆవిడ నన్ను నమ్మదు. "పరగడుపున చక్కెర పరీక్ష చేపిచ్చుకో, ఆ తర్వాతే పెండ్లి భోజనం" అని కల్యాణ మండపం పక్క వీధిలో ఉన్న ల్యాబుకు తోలింది. చొక్కా చెయ్యి పైకి మడిచి కుర్చీలో కూర్చున్నాను. తెరపక్క నుంచి తెల్లకోటు వేసుకుని, ముఖానికి మాస్కు కట్టుకుని వచ్చింది ఆ అమ్మాయే. నన్ను చూసి ఒక్క క్షణం ఆగింది. వెనకాల ఇంకో ఇద్దరు పని చేసుకుంటున్నారు.

"పేరు చెప్పండి సార్" అంది.

చెప్పాను. వయసు అడిగింది, అదీ చెప్పాను. ఊరు అడగలేదు.

"పిడికిలి బిగించండి."

సూది గుచ్చినట్టే తెలియలేదు. అంత నేర్పుగా తీసింది. ఆ గది నిండా వినపడేట్టు 'ఈ పిల్ల మా పిల్లే' అని అరవాలనిపించింది. దూది నొక్కిపెట్టి, "రెండు నిమిషాలు అట్లనే పట్టుకోండి" అని మెల్లగా అంటూ, నా మోచేతి మీద చెయ్యి అవసరానికంటే ఒక్క క్షణం ఎక్కువ ఉంచింది.

బయట కౌంటరు దగ్గర ల్యాబు ఓనరు రసీదు రాస్తూ, తలెత్తి మర్యాదగా అడిగాడు. "మా ల్యాబు ఎవరు చెప్పినారు సార్? ఈడ మీకు తెలిసినోళ్ళు ఎవరన్నా ఉండారా?"

"ఎవరూ లేరప్పా" అన్నాను.