రెండోసారి అడగని ప్రశ్న

2003 జనవరిలో నన్ను పోర్టు సిగ్నల్ స్టేషన్‌కు ఇన్‌చార్జిగా వేశారు. అప్పటికి పందొమ్మిదేళ్లుగా అదే స్టేషన్‌లో రేడియో ఆపరేటరుగా, తర్వాత సీనియర్ ఆపరేటరుగా షిఫ్టులు చేసినవాణ్ణి కాబట్టి కుర్చీ మారిందే తప్ప కిటికీ మారలేదు. కొండ మీది ఆ గదిలోంచి ఒకవైపు సముద్రం, మరోవైపు లోపలి హార్బరుకు వెళ్లే కాలువ కనిపిస్తాయి. బయట లంగరు వేసి ఉన్న ఓడలకు వరుస చెప్పడం, పైలట్ ఎప్పుడు ఎక్కుతారో చెప్పడం, వాళ్లు అన్నదీ మేం అన్నదీ టైముతో సహా లాగ్ బుక్కులో రాయడం మా పని. పైలట్ అంటే ఇక్కడ విమానం నడిపేవారు కాదు. ఓడను కాలువలోంచి రేవులోకి తీసుకొచ్చే పోర్టు అధికారి.

ఈ ఉద్యోగంలో మర్యాదకు అర్థం వేరు. చానల్ ఒక్కటే, ఓడలు చాలా. ఒకరు మాట్లాడుతున్నంతసేపూ మిగతావాళ్లందరూ నోరు మూసుకుని ఉండాల్సిందే. అందుకని ఎంత తక్కువ మాట్లాడితే అంత మర్యాదస్తుడు. ఓడ కెప్టెన్ని కుశలం అడిగిన కొత్త ఆపరేటర్లను మా పాత ఇన్‌చార్జి అక్కడికక్కడే కడిగేసేవారు. నేనూ ఒకసారి ఆ కడుగుడు పడ్డాను.

రెండో నియమం ఇంకా ముఖ్యం. పైలట్ నిచ్చెన కుడివైపు, నీటికి మీటరు ఎత్తున వేయండి అని మేం చెబితే, ఓడవాళ్లు ఆ మాటలే మాకు తిరిగి చెప్పాలి. ‘అర్థమైంది’ అంటే మేం ఒప్పుకోం. అర్థం కానివాడు కూడా ఆ మాటే అంటాడు కాబట్టి. నేను చేరిన కొత్తలో ఒక కెప్టెన్ అలాగే అర్థమైందని చెప్పి నిచ్చెన ఎడమవైపు వేయించాడు. అలలు తగిలే వైపు అది. పైలట్ ఒక కాలు నిచ్చెన మీద, ఒక కాలు బోటులో పెట్టి కాసేపు వేలాడారు. ఆయన అదృష్టం, మా అదృష్టం, ఏమీ కాలేదు. ఆనాటి నుంచి నా డ్యూటీలో తిరిగి చెప్పించుకోకుండా ఏ ఓడనూ వదల్లేదు.

ఇంట్లో కూడా నా మాటతీరు అదే. “మీతో మాట్లాడితే తంతి వచ్చినట్టే ఉంటుంది” అనేది మా ఆవిడ. నేను దాన్ని పొగడ్త కింద జమ వేసుకున్నాను.

నాకు వాల్వు రేడియోల పిచ్చి. ట్రాన్సిస్టర్లకు ముందు కాలం నాటివి, లోపల గాజు బుడ్లు వేడెక్కితే గాని పలకని చెక్కపెట్టెలు. వాటిని బాగుచేసుకునే మాలాంటి వాళ్ల కోసం ప్రసాదరావు మాస్టారని ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్పే ఆయన ఇంటర్నెట్‌లో ఒక ఫోరం పెట్టారు. ఒకరు ప్రశ్న రాస్తే మిగతావాళ్లు దాని కింద జవాబులు రాయడం, అంతే. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకునేవాళ్లం. మొదటి ఏడాది అక్కడ పెళ్లివారి విడిదిలో ఉన్నంత సందడి. నమస్కారాలు, క్షేమసమాచారాలు, వానలు, పిల్లల పరీక్షలు, అన్నీ అయ్యాక ఎక్కడో చివర్న మా రేడియో గుర్రుమంటోంది అనే అసలు ముక్క.

ఇదేం గోల మాస్టారూ అని నేను విసుక్కున్నాను. అయితే మీరే చూసుకోండి, మాటలు పొదుపుగా వాడే మనిషి కావాలి అని ఆయన ఫోరం తాళాలు నా చేతికిచ్చారు. అంటే ఎవరి రాతనైనా తీసేయడానికీ, చర్చ ముగిసిందనుకుంటే ఇక ఎవరూ రాయకుండా దానికి తాళం వేయడానికీ నాకు అధికారం వచ్చింది.

ఇంకేముంది, చానల్ నియమాలన్నీ పట్టుకెళ్లి అక్కడ పెట్టాను. ‘పలకరింపులు వద్దు. విషయం రాయండి.’ ‘తప్పు. మళ్లీ కొలవండి.’ ‘పాత రాతల్లో ఉంది. చూడండి.’ ఇవీ నా జవాబులు. ఇందులో నాకు కోపం లేదు, చిన్నచూపు లేదు. ఓడ కెప్టెన్లతో రోజూ ఇలాగే మాట్లాడేవాణ్ణి, వాళ్లూ నాతో ఇలాగే మాట్లాడేవాళ్లు. కాని కెప్టెన్ నా గొంతు వింటాడు. ఫోరంలో గొంతు వినపడదు, మాట మాత్రమే కనపడుతుంది. ఈ చిన్న తేడా నా బుర్రకు తట్టలేదు.

ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? నెలలు తిరక్కుండానే నా ‘తప్పు’ మిగతావాళ్ల చేతుల్లో ‘తప్పు, ఇది కూడా తెలీదా’ అయింది. ఆ తర్వాత ‘తెలీనివాళ్లకు రేడియో ఎందుకు’ అయింది. వాల్వ్‌కింగ్ అని పేరు పెట్టుకున్న ఒకాయన ఇందులో ఆరితేరాడు. నిజం చెప్పాలంటే అవి నా కంటపడకపోలేదు. కాని నేను కొలిచింది పొడవు. పది లైన్ల కుశలప్రశ్న చూస్తే తీసేయమని చెయ్యి దురద పెట్టేది. నాలుగు మాటల వెటకారాన్ని చూసీ చూడనట్టు పోనిచ్చేవాణ్ణి. పొట్టిగా ఉంది కదా! కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, సరిగ్గా అదే చేశాను.

మా ఫోరంలో అందరికన్నా పొడుగ్గా రాసేవాడు గాజువాక అప్పలనాయుడు. స్టీలు ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. ఫ్యాక్టరీ షెడ్డు కప్పు కింద పట్టాల మీద నడిచే క్రేన్‌కు వేలాడే కేబిన్‌లో కూర్చుని, లివర్లతో టన్నుల బరువులు ఎత్తి దించే పని. పదహారేళ్ల సర్వీసు. నెట్ సెంటర్‌కు వెళ్లి, తను మాట్లాడినట్టే రాసేవాడు. తుక్కు కొట్లో దొరికిన ఒక పెద్ద రేడియో తెచ్చుకుని, కెపాసిటర్లు కొత్తవి వేసుకున్నాడు. అయినా అది పలకలేదు. స్విచ్ తీసేసినా లోపల కరెంటు ఉంటుందంటున్నారు, చెయ్యి పెట్టాలంటే ముందు ఏం చేయాలి అని ఫోరంలో అడిగాడు.

చాలా మంచి ప్రశ్న అది. కెపాసిటర్ అంటే కరెంటు నిలవ ఉండే చిన్న తొట్టి లాంటిది. ప్లగ్గు పీకేసినా అందులో ఉన్నది అందులోనే ఉంటుంది. పలుకుతున్న సెట్టులో అయితే వాల్వులే దాన్ని క్షణాల్లో తాగేస్తాయి. పాడైన సెట్టులో తాగేవాళ్లుండరు కాబట్టి అది అలాగే కాచుకుని కూర్చుంటుంది. అందుకే మూగ సెట్టుతోనే ప్రమాదం ఎక్కువ. ఇదంతా నాకు తెలుసు. నేను రాసింది మాత్రం ఇంతే: ‘కెపాసిటర్లు ఖాళీ చేశాకే ముట్టుకోండి.’

ఖాళీ చేయడం ఎలాగ సార్ అని నాయుడు మళ్లీ రాశాడు. ‘పాత రాతల్లో ఉంది. చూడండి’ అన్నాను. దాని కింద వాల్వ్‌కింగ్ తగులుకున్నాడు. ‘ఇలాంటోడికి క్రేన్ ఎవరిచ్చారో! కింద నడిచేవాళ్లు జాగ్రత్త.’ దానికి ఏడెనిమిది మంది నవ్వుతూ వంత పాడారు. నేను తీయలేదు. మర్నాడు నాయుడు రెండే మాటలు రాశాడు. ‘అర్థమైంది సార్.’ మనిషి మొత్తానికి పొట్టిగా రాయడం నేర్చుకున్నాడని సంతోషించి, చర్చకు తాళం వేశాను.

మూడు వారాలు నాయుడి అలికిడి లేదు. ఆ తర్వాత ఒక ఉదయం ప్రసాదరావు మాస్టారు స్టేషన్‌కు ఫోను చేసి, నాయుడికి షాకు కొట్టిందట, చేతికి ఆపరేషను అయిందట అన్నారు. వీక్లీ ఆఫ్ రోజున సీతమ్మధారలో మా ఇంటి నుంచి బస్సెక్కి గాజువాక వెళ్లాను.

నాయుడు మంచం మీద కూర్చుని ఉన్నాడు. కుడి అరచేయి నుంచి మోచేయి దాకా కట్టు. నన్ను చూసి లేవబోతే భుజం పట్టుకుని కూర్చోబెట్టాను. జరిగింది తనే చెప్పాడు. నేను పాత రాతలు చూడమన్నానని నెట్ సెంటర్లో గంటసేపు వెతికాడు, ఒక్కో పేజీ తెరుచుకునేసరికి ప్రాణం పోయేది, దొరకలేదు. ప్లాంటులో రిపేరు కోసం షట్‌డౌన్ తీసుకున్నప్పుడు ఏం చేస్తారో ఇంట్లోనూ అదే చేశాడు. స్విచ్ తీశాడు, ప్లగ్గు పీకాడు, ఎవరూ పెట్టకుండా దానికి అట్టముక్క కట్టి ‘ముట్టుకోవద్దు’ అని రాశాడు. టీ తాగి వచ్చేలోగా కరెంటు దానంతటదే పోతుందనుకున్నాడు. తర్వాత చెయ్యి పెట్టాడు. షాకు కంటే, ఆ అదురుకు చెయ్యి వెనక్కి లాక్కున్నప్పుడు సెట్టు లోపలి రేకు అంచు చేసిన పని పెద్దది. అరచెయ్యి తెగింది, రెండు వేళ్ల నరాలు తెగిపోయాయి. లివర్లు పట్టే చెయ్యి అదే. మెడికల్‌లో ఫిట్ అని రాస్తే గాని మళ్లీ కేబిన్ ఎక్కనివ్వరు.

అట్టముక్క కట్టినంత జాగ్రత్త గల మనిషి. ఇంకొక్కసారి అడిగి ఉంటే సరిపోయేది కదా నాయుడు గారూ అన్నాను. అతను కట్టు వంక చూసుకుంటూ చెప్పాడు.

“మల్లా అడుగుదారనే అనుకున్నాను సార్. అప్పుటికే అందరూ నవ్వుతన్నారు. క్రేను మాటెత్తేసరికి నాకు తల కొట్టేసినట్టయిపోయింది. మీరేమో తాళం ఏసీసినారు. అర్థం కాలేదని మరెవలికి సెప్తాను?”

అందులో నిష్ఠూరం కూడా లేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. అతని భార్య నరసమ్మ టీ తెచ్చి నా చేతికిచ్చి అక్కడే నిలబడింది. ఆవిడకు ఫోరం అంటే ఏమిటో తెలీదు. ఏదో పెద్దమనుషుల సంఘం అనుకుంది.

“అంతమంది సదువుకున్నోలు ఉన్నారు గదా బాబూ అందులోన. ఒక్కలైనా, నాయుడూ, ఇప్పుడు నువ్వేటి సేత్తావో ఒకపాలి సెప్పు అని అడగలేదేటి?”

పందొమ్మిదేళ్లు ముక్కూ మొహం తెలియని కెప్టెన్లను నేను రోజూ అడిగిన మాట అదే. ఏం చేస్తారో తిరిగి చెప్పండి అని. మా చానల్లో నుంచి నోటి దురుసు లాంటి పొట్టిదనాన్ని మాత్రం ఫోరంలోకి మోసుకెళ్లి, ఆ పొట్టిదనాన్ని క్షేమంగా ఉంచే నియమాన్ని కొండ మీదే వదిలేశాను. బస్సులో తిరిగి వస్తుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ వారంలోనే వాల్వ్‌కింగ్ నంబరు మాస్టారి దగ్గర తీసుకుని ఫోను చేశాను. నాలుగు దులుపుదామనే చేశాను. తీరా చూస్తే ఆయన ఒక ఆఫీసులో గుమాస్తా, గొంతు కూడా పైకి రాని మనిషి. విషయం విని, “మీరు తీసెయ్యలేదు కదండీ, అందుకే పర్వాలేదనుకున్నాను” అన్నాడు. ఆ మాటతో నా కోపం ఎటు తిరగాలో అటే తిరిగింది. తర్వాత ఆయన గాజువాక వెళ్లి నాయుణ్ణి చూసి వచ్చాడని తెలిసింది. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

ఫోరంలో కొత్త నియమం పెట్టాను. జవాబు రాసేవారు ముందు ఎదుటివారి ప్రశ్నను తమ మాటల్లో తిరిగి రాయాలి. అడిగినవారు సెట్టు మీద చెయ్యి వేసేముందు తాము ఏం చేయబోతున్నారో రాయాలి. పలకరింపులకు అడ్డు తీసేశాను. నా నిర్వాకాన్ని కూడా దాచకుండా, కెపాసిటర్‌ను రెసిస్టరు పెట్టి ఖాళీ చేసే పద్ధతితో సహా రాశాను. ఇది బడా, ఫోరమా అని చాలామంది వెళ్లిపోయారు. వెటకారం చేయాలంటే ముందు ఎదుటివాడి ప్రశ్న రాయాల్సి రావడం కొందరికి రుచించలేదు. వాళ్లకు వేరే చోట్లు దొరికాయి, అప్పటికే అలాంటివి బోలెడు పుట్టుకొచ్చాయి. మాకు పట్టుమని పదిమంది మిగిలారు. కొన్నేళ్ల తర్వాత ఫోరం మూతపడింది.

నాయుడి వేళ్లు ముడుచుకుంటాయి గాని పట్టు పూర్తిగా రాలేదు. మెడికల్‌లో క్రేన్‌కు పనికిరాడని రాశారు. కేబిన్‌లోంచి దింపి, కింద నిలబడి క్రేన్‌కు చేత్తో సైగలు ఇచ్చే పనిలో వేశారు. పైన కూర్చున్న కొత్త కుర్రాడికి కింద నుంచి దారి చూపే పని. ఆ పని కూడా గొప్పదే అని నేను ఓదార్పుగా అంటే, గొప్పదే గాని మెడ నొప్పెడతాది సార్ అన్నాడు.

షాకు కొట్టిన అయిదు నెలలకు అతను ఫోరంలో మళ్లీ రాశాడు. ఎడమచేత్తో కొట్టడం వల్ల అక్షరాలు అక్కడక్కడా తారుమారయ్యాయి. ముందు అందరికీ నమస్కారాలు, గాజువాకలో వానలు, నరసమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆ తర్వాత అసలు ముక్క:

‘ప్లగ్గు తీసినా కెపాసిటర్లో కరెంటు ఉంటాది. మీరు సెప్పిన రెసిస్టరు పెట్టి ఖాళీ సేత్తాను. మీటరు పెట్టి సున్నా వచ్చిందో లేదో సూత్తాను. అప్పుడే సెయ్యి పెడతాను. సరేనా సార్?’

నమస్కారం నాయుడు గారూ అని మొదలుపెట్టి, నరసమ్మ గారి మోకాళ్లకు ఎవరికి చూపిస్తున్నారో కనుక్కుని, మీరు చెప్పింది సరిగ్గా ఉంది అని రాశాను. నా జీవితంలో నేను రాసిన మొట్టమొదటి పొడుగు జవాబు అది. ఆ వారంలోనే సెట్టు పలికిందని రాశాడు.

2009లో రిటైరయ్యే ముందు స్టేషన్ ఉత్తర్వుల పుస్తకాన్ని సరిచూసి సంతకం పెట్టడం నా చివరి పని. తిరిగి చెప్పించుకోవాలన్న నియమం అందులో మొదటి నుంచీ ఉంది. దాని కింద నేను ఒక వాక్యం చేర్చాను, హార్బర్ మాస్టర్ ఆమోదించారు. ఓడవారు ‘అర్థమైంది’ అని ఊరుకుంటే ఆపరేటరు మళ్లీ అడగాలి. రెండోసారి అడిగేటప్పుడు గొంతు మొదటిసారి కన్నా మెత్తగా ఉండాలి.