పాలతో మింగిన మాత్ర

పుంగనూరు బస్టాండులో టీ కొట్టు ముందు పాలు పొంగిన వాసన తగిలితే నాకు రత్నమ్మక్క గుర్తొస్తుంది. ఆ వెనకే కోపం వస్తుంది. పదో తరగతి తప్పి కుట్టుమిషను ముందు కూర్చున్న నన్ను పుస్తకాల్లోకి లాగింది ఆమే. గ్రంథాలయంలో ఆమె ఉద్యోగం. కథల పుస్తకం అడిగితే ఒంటి గురించో నేల గురించో మరొకటి కూడా చేతిలో పెట్టేది. "సదివింది కడుపులో దాసుకుంటే ఏం లాభం అమ్మీ? నలుగురిలో నోరు తెరిసి సెప్పాల" అనేది. అందులో ఏముందో నా చేత చెప్పించుకుని గానీ ఇంకో పుస్తకం ఇచ్చేది కాదు.

ఆమె గర్భసంచిలో గడ్డలు లేచాయి. నెలనెలా రక్తం పోయి, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడేది. మదనపల్లెలో చూసిన డాక్టరమ్మ, ముందు రక్తం పెరగాలి, తర్వాతే ఆపరేషన్ అని ఐరన్ మాత్రలు రాసింది. కొన్ని నెలల తర్వాత ఒక మధ్యాహ్నం నేను గ్రంథాలయానికి వెళ్లేసరికి అక్క ఆ మాత్రను గ్లాసెడు పాలతో మింగుతోంది.

"పాలతో వద్దక్కా, ఇనుము ఒంటికి పట్టదు. నువ్విచ్చిన పుస్తకంలోనే ఉండాది."

"ఉత్త నీళ్లతో మింగితే వేడి జేస్తాదంట. అయినా పాలకేంద్రం ఆయన పెండ్లాం పాలు వద్దంటే ఊరు నవ్వదా?" అని తనే నవ్వింది.

ఆనాటి నుంచి నిమ్మకాయ నీళ్లతో మింగింది గానీ, అప్పటికే ఆలస్యమైంది. పరీక్షలో రక్తం పెద్దగా పెరగలేదు. నరం ద్వారా ఐరన్ ఎక్కించి కొన్ని వారాలు ఆగుదామంది డాక్టరమ్మ. అక్క భర్త, పాలకేంద్రం నడిపే మునెప్ప ఒప్పుకోలేదు. ఆషాఢం రాకముందే అయిపోవాలట. వెంటనే చేస్తామన్న మరో ఆసుపత్రిలో చేర్చాడు. అక్కడ నేను నోరు తెరిచాను.

"అన్నా, రక్తం లేని ఒళ్లు కోతను తట్టుకోలేదు. పుండు మానదు. కొన్నాళ్లు ఆగండన్నా."

"రక్తం బాటిళ్లు ఎక్కిస్తారు లేమ్మా. జాకెట్ గుడ్డలు కోసుకునేదానివి, మనుషుల్ని కోసేది డాక్టరుకు వదిలెయ్" అన్నాడు. చుట్టాలు నవ్వారు. మంచం మీద అక్క నవ్వలేదు. "కానీలే అమ్మీ. మా ఇంట్లో నా మాట యాడ సాగింది?" అంది. నన్ను నలుగురిలో మాట్లాడమన్న మనిషి!

ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగిందన్నారు. బాటిళ్లూ ఎక్కించారు. కుట్లు చీము పట్టాయి, జ్వరం దిగలేదు, గుండె తట్టుకోలేకపోయింది. "దాని రాత అంతే" అన్నాడు మునెప్ప. చుట్టాలు తలలూపారు.

ఇప్పుడు నా కొట్టుకు వచ్చిన ఆడవాళ్లు ఆపరేషన్ మాటెత్తితే కొలతలు ఆపి అడుగుతాను. రక్తం ఎంతుండాది? మాత్ర దేంతో మింగుతాండావు? వీటికి బదులు చెబుతారు. ఇంట్లో నీ మాట సాగుతాదా అంటే మాత్రం చేతులెత్తి మళ్లీ కొలతకు నిలబడతారు.