రెండూ యాభై ఒకటికి వచ్చిన మెయిల్

గత నవంబరులో నేనొక మనిషిని దొంగను చేశాను. సోమవారం మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్‌లో పెరుగన్నం తింటూ ఆ పని చేశాను. అది తప్పని మంగళవారం ఉదయానికే నాకు తెలిసింది. మార్చి దాకా ఎవరికీ చెప్పలేదు. తప్పు చేశానన్న సంగతి ఇప్పుడు మా వాళ్ళకు తెలుసు. తెలిసీ ఊరుకున్నానన్నది సరిగ్గా తెలియాలనే ఇది రాస్తున్నాను.

ప్లెయిన్స్‌బరోలో పక్కపక్క అపార్ట్‌మెంట్లలో ఉండే ఐదుగురం మేము. కొన్నేళ్ళ కిందట ఒక వసంతంలో, చూద్దాం పదండని కార్లలో పులిహోర పెట్టుకుని, గుర్రాలు కంచెలు దూకే రేసులకు వెళ్ళాం. పచ్చిక కొండలు, కార్ల వెనక తలుపులు ఎత్తి భోజనాలు చేస్తున్న జనం, నడుమెత్తు కంచె మీదుగా ఒక్కసారిగా లేచే ఎనిమిది గుర్రాలు. నేల అదరడం అరికాళ్ళకు తెలిసింది. ఆ రోజు నుంచి అందరికీ అదే పిచ్చి.

సగం మందిమి వీసాల మీద ఉన్నాం కాబట్టి పందేల జోలికి పోకూడదని మొదటిరోజే అనుకున్నాం. మాది ఉత్త పాయింట్ల ఆట. వారాంతంలో ఒక పెద్ద రేసు ఎంచుకుంటాం. రేసు మొదలయ్యేలోగా ఒక్కొక్కరూ తమ గుర్రం పేరు నాకు మెయిల్ చేయాలి. ఒకరిది చూసి ఒకరు మార్చుకోకుండా, నాకొక్కడికే. సోమవారం లంచ్ టైములో నేను ఆ మెయిళ్ళు తెరిచి, వారాంతపు ఫలితాల మీద తెలుగులో ఒక సమీక్ష రాసి గ్రూప్‌లో పెడతాను. గెలుపుకి మూడు పాయింట్లు, రెండో స్థానానికి ఒకటి. ఆకు రాలే కాలంలో ఈ కంచె రేసుల, అంటే జంప్స్, సీజన్ ముగిసేసరికి ఎవరు ముందుంటే, వచ్చే వసంతంలో మేమందరం ఏ కంచె దగ్గర నిలబడాలో వాళ్ళు నిర్ణయిస్తారు. బహుమతి అంతే. దానికోసం పెళ్ళాలు విసుక్కునేంతగా చలికాలమంతా వాదించుకునేవాళ్ళం.

మొదటి రెండేళ్ళూ నేనే గెలిచాను. ప్రతి గుర్రానికీ చివరి ఐదు పరుగులు, నేల తడి, జాకీ బరువు అన్నీ ఎక్సెల్‌లో వేసేవాణ్ణి. మూడో ఏడు మాలో ఆరోవాడుగా, నేను దొంగను చేసిన ఆ మనిషి వచ్చాడు. మందుల కంపెనీలో ఉద్యోగం, సొంతూరు హైదరాబాద్, మలక్‌పేట. నాకంటే రెండేళ్ళు చిన్న. ఎక్కువ మాట్లాడడు. ఎక్సెల్ లేదు, పాత ఫలితాలు చదవడు. సెప్టెంబరు నుంచి వరసగా నాలుగు రేసుల్లో మూడు గెలిచాడు.

"అన్నా, ఎట్ల పట్టినవ్?" అని ఎవరో అడిగితే, "నడక చూసిన. అంతే," అన్నాడు.

"నడక చూసి మా ఆవిడ మూడ్ చెప్పగలను గానీ, గుర్రం గెలుస్తుందో లేదో ఎలా చెప్తావు బాస్?" అన్నాడు గుంటూరాయన. మా గుంపులో జోకులన్నీ ఆయనవే.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ నాకు ఆ జవాబు నచ్చలేదు. అప్పటినుంచి ఆయన చేసే ప్రతి పనీ నాకు వంకరగా కనబడడం మొదలైంది. మిగతా నలుగురూ శుక్రవారమో శనివారం పొద్దున్నో మెయిల్ పంపేవారు. ఆయనది రేసుకు పది నిమిషాల ముందు వచ్చేది. ఎందుకంత ఆఖర్న? టీ తాగేటప్పుడు ఫోన్ బోర్లా పెట్టేవాడు. ఎందుకు? ఓడిన రోజున కూడా మొహం మారేది కాదు. ఆడేవాడికి అంత నిబ్బరం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆఖరి నిమిషంలో గుర్రాల లోగుట్టు చెప్పడానికి ట్రాక్ దగ్గర ఈయనకు తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా అని కూడా ఆలోచించాను. ఈ ఆలోచనలు ఎవరితోనూ అనలేదు. మా ఆవిడతో మాత్రం అన్నాను. "ఆయన్నే అడగొచ్చుగా," అంది. నేను అడగలేదు. అడిగితే జవాబు వస్తుంది. జవాబు వస్తే అనుమానం పోతుంది.

నవంబరు మొదటి ఆదివారం సీజన్‌లో చివరి పెద్ద రేసు. పెన్సిల్వేనియాలో, మధ్యాహ్నం మూడింటికి. ఆయన నాకంటే ఒక్క పాయింట్ ముందున్నాడు. నా ఎక్సెల్ చెప్పిన గుర్రం చివరి నుంచి రెండో కంచె దాకా ముందే ఉంది. అక్కడ ముందుకాళ్ళు తగిలి తడబడింది, పడలేదు గానీ ఊపు పోయింది. వెనకనుంచి తెల్ల మచ్చ ఉన్న ఒక పొట్టి గుర్రం, ఎవరూ పట్టించుకోనిది, దాన్ని దాటేసి గెలిచింది. ఆయన పంపింది ఆ పొట్టి గుర్రాన్నే.

మర్నాడు లంచ్‌లో సమీక్ష రాయడానికి లాప్‌టాప్ తెరిచాను. నా లాప్‌టాప్ గడియారం ఎప్పుడూ ఇండియా టైమ్ మీదే ఉంటుంది. హైదరాబాద్ టీమ్‌తో పనిచేసే నాలాంటి వాళ్ళకు అదొక అలవాటు. అందులోంచి తొమ్మిదిన్నర గంటలు తీసేస్తే మన టైమ్. ఇరవై ఏళ్ళుగా ఆలోచించకుండా చేస్తున్న లెక్క. ఆయన మెయిల్ ఇండియా టైమ్‌లో అర్ధరాత్రి దాటి ఒంటిగంటా ఇరవై ఒకటికి వచ్చింది. తొమ్మిదిన్నర తీశాను. మూడూ యాభై ఒకటి. రేసు మూడింటికి. అంటే మొదలైన యాభై నిమిషాలకు, అంతా అయిపోయాక పంపాడు.

ఒంట్లోకి ఒక వేడి పాకింది. అది కోపం అనుకున్నాను. ఇప్పుడు నిజం చెప్పాలంటే అది సంతోషం. ఫోన్ తీసి ఆయనకు ఒక్క కాల్ చేసి ఉండొచ్చు. చెయ్యలేదు. సమీక్షలో పొట్టి గుర్రం గెలుపు గురించి రెండు పేరాలు బాగానే రాసి, చివర ఇలా కలిపాను: "మన మిత్రులొకరి అంచనాలు ఎంత నిక్కచ్చిగా ఉంటాయంటే, గుర్రం గమ్యం చేరాక గంటకి మనకు చేరతాయి. టైమ్ నా దగ్గర ఉంది."

గ్రూప్‌లో ముందు గుంటూరాయన, "ఎవరు గురూ అది? నేనైతే గెలిచిందే లేదు, నన్ను వదిలెయ్," అని పెట్టాడు. ఇంకొకరు నన్ను వివరం అడిగారు. నేను పేరు చెప్పాను. టైమ్ కూడా చెప్పాను. "ఫోన్‌లో మెయిల్ పంపిన టైమ్ స్క్రీన్‌షాట్ తీసి పెడితే అయిపోతుంది కదా అన్నా," అని ఆ వివరం అడిగినవాడే ఆయనకు మర్యాదగా రాశాడు.

"నేను స్క్రీన్‌షాట్ పెట్టాల్నా?" అని మాత్రం రాశాడాయన. గ్రూప్‌లోంచి వెళ్ళిపోయాడు.

వెళ్ళిపోవడమే రుజువన్నట్టు అందరం మాట్లాడుకున్నాం. ఆయన సీజన్ పాయింట్లన్నీ కొట్టేశాను. గెలుపు నాకు వచ్చింది.

మంగళవారం ఉదయం తొమ్మిదింటికి, హైదరాబాద్ టీమ్‌తో వారానికోసారి ఉండే కాల్‌లో చేరితే ఒక్కరూ లేరు. చాట్‌లో అక్కడి టీమ్ లీడ్ మెసేజ్ ఉంది: "సార్, మీ ఎనిమిది గంటల నుంచి వెయిట్ చేశాం. మీ టైమ్ ఛేంజ్ అయింది కదా సార్. మీరే ప్రతి ఇయర్ రిమైండర్ పంపిస్తారు, ఈసారి పంపలేదు."

ఆదివారం తెల్లవారుజామున, ఇక్కడ ఏటా చలికాలానికి తిప్పినట్టే, గడియారాలు గంట వెనక్కి తిరిగాయి. చలికాలంలో తీయాల్సింది తొమ్మిదిన్నర కాదు, పదిన్నర. ఒంటిగంటా ఇరవై ఒకటిలోంచి పదిన్నర తీస్తే రెండూ యాభై ఒకటి. రేసుకు తొమ్మిది నిమిషాల ముందు. ఎప్పటిలాగే.

ఆ గంట సంగతి ప్రతి ఏడూ అందరికీ చెప్పేవాణ్ణి నేనే. ఆ సోమవారం నాకు గుర్తు రాలేదు. గుర్తు రావాలని నేను కోరుకోలేదు కూడా. అది ఒక రకం తప్పు. మంగళవారం తొమ్మిదీ ఐదు నుంచి చేసింది వేరే రకం. ఈ రోజు చెప్తాను, రేపు చెప్తాను అనుకున్నాను. వారం దాటాక, ఇప్పుడు చెబితే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటారని ఆగాను. థాంక్స్‌గివింగ్ వెళ్ళింది. చలికాలం జరిగే, కంచెలు లేని ఫ్లాట్ రేసుల ఫలితాల మీద సోమవారం సమీక్షలు రాస్తూనే ఉన్నాను. ఏ కంచె దగ్గర నిలబడాలో కూడా ప్రకటించాను. మలుపు తర్వాతిది.

విచిత్రమేమిటంటే, ఆయన మీంచి పోయిన అనుమానం మిగతావాళ్ళ మీదకు మళ్ళింది. వీళ్ళలో ఎవరైనా ఆ టైమ్ మార్పు గమనించారా, గమనించి నన్ను చూస్తున్నారా అని. గుంటూరాయన "గడియారం" అన్న మాట ఏ సందర్భంలో అన్నా నేను మాట మార్చేవాణ్ణి.

ఫిబ్రవరిలో ఇండియన్ స్టోర్‌లో బెండకాయలు ఏరుతుంటే ఆయన భార్య కనబడింది. తప్పుకుందామనుకునేలోగా ఆమే బండి పక్కకు పెట్టి వచ్చింది.

"అన్నయ్యా, బాగున్నరా?"

"బాగున్నానమ్మా."

"ఒక మాట అడుగుతా, ఏమనుకోకండి. ఆ రోజు మెయిల్ టైప్ చేసి పంపింది నేను. ఈయన కండ్లు టీవీ మీదికెళ్ళి తీయడు కదా. ఆ పొట్టిది అని చెప్పిండు, నేను పంపిన. గుర్రాలు ఇంక రేస్‌కి ముందు తిప్పే రింగ్‌లనే తిరుగుతున్నయ్." ఆమె గొంతు పెంచలేదు. "ఆయనేమో ఎవ్వరికీ ఏం చెప్పద్దన్నడు. నాకైతే మనసుల ఉండిపోయింది. మీరు లెక్క ఇంకొకసారి చూస్తరా?"

నేను చేతిలో బెండకాయ తుంచి, ముదురో లేతో చూస్తున్నట్టు నటించాను. "చూస్తానమ్మా," అన్నాను.

నవంబరు నుంచి నేను చేసినవాటిల్లో నాకు అన్నింటికన్నా సిగ్గుగా ఉన్నది ఈ మాట. చూడాల్సిందేమీ లేదు. చూసి మూడు నెలలైంది. ఆమె మాత్రం "థాంక్స్ అన్నయ్యా," అని వెళ్ళింది.

మార్చిలో, వసంతపు జంప్స్ సీజన్ మొదలవుతుందనగా, ఒక శనివారం పొద్దున వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె టీ ఇచ్చి లోపలికి వెళ్ళింది. ఆయన టీవీ ఆపలేదు, సౌండ్ తగ్గించాడు. నేను అంతా చెప్పాను. తొమ్మిదిన్నర, పదిన్నర, ఇండియా టైమ్ లాప్‌టాప్. మంగళవారం కాల్. స్టోర్‌లో అన్న మాట.

ఆయన కప్పు కింద పెట్టాడు.

"మలక్‌పేటల మా ఇల్లు రేస్ కోర్స్ పక్కనే," అన్నాడు. "బడికి పోయేటప్పుడు రోజు గుర్రాలు ఎదురొచ్చేవి. నాలుగో తరగతి నుంచి ఇంటర్ దాక చూసిన. నడిచేటప్పుడు వెనక కాలు ముందు కాలి అడుగు దాటి పడాలె. దాటకపోతే ఆ దినం అది ఉరకదు. గంతే నాకు తెలిసింది. నువ్వు ఒక్కసారి అడిగినా చెప్పేటోణ్ణి."

"తెలుసు," అన్నాను.

"గ్రూప్‌ల రాస్తవా?"

"సోమవారం రాస్తాను."

"గంట మర్చిపోయిన అని రాస్తే ఒప్పుకోను. అది ఎవలైనా మర్చిపోతరు. తెలిసినంక నాలుగు నెల్లు సప్పుడు చెయ్యలే అని రాయి."

సోమవారం లంచ్‌లో వారాంతపు ఫలితాలు, రాబోయే సీజన్‌లో చూడాల్సిన గుర్రాలు, ఏమీ రాయలేదు. ఇదే రాశాను, ఇంతకంటే పొట్టిగా. పాయింట్లు ఆయనవి ఆయనకు వేశాను. ఇకనుంచి మెయిళ్ళు ఇంకెవరికైనా పంపుకోండని రాశాను. గుంటూరాయన ఆ రోజు జోకేమీ వెయ్యలేదు. సాయంత్రం ఫోన్ చేసి, "తప్పు నీ ఒక్కడిదే కాదులే. మేం కూడా ఒక్కళ్ళం ఆయనకి ఫోన్ చేసి అడగలేదుగా," అన్నాడు. ఆ ఓదార్పు నేను తీసుకోలేదు.

ఆయన గ్రూప్‌లోకి తిరిగి రాలేదు. కానీ ఏ కంచె అన్నది గుంటూరాయన ద్వారా చెప్పి పంపాడు: పల్లం దిగాక వచ్చే ఆఖరి కంచె. ఏప్రిల్‌లో అక్కడే నిలబడ్డాం. ఆయనా భార్యతో వచ్చాడు. మాకు కొంచెం ఎడంగా, ట్రాక్ పక్కన కట్టిన ఎర్ర తాడు పట్టుకుని నిలబడ్డాడు. పెద్ద రేసుకు గుర్రాలను మా ముందునుంచే స్టార్ట్ వైపు నడిపించారు. ఆయన వాటి కాళ్ళవైపే చూస్తున్నాడు. నేను ధైర్యం చేసి దగ్గరికి వెళ్ళాను. ఆమె నాకు పులిహోర ప్లేటు అందించింది. ఆయన తల తిప్పలేదు.

"ఏది గెలుస్తుందంటావు?" అని అడిగాను.

ఆఖరి గుర్రం దాటిపోయేదాకా ఆగి, ఆయన నావైపు చూశాడు.

"రేస్ అయినంక చెప్త," అన్నాడు.

ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు. నేను ప్లేటు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. వెళ్ళమని ఆయన అనలేదు.